అనునాద నియమం: పాఠంలో కనిపించని కేంద్రకం

అనునాదాన్ని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడికి మొదట తోచే ఉదాహరణ ఊయల. ఊయల తనంతట తాను ఊగే లయను కనిపెట్టి, ఆ లయకు సరిపడేటట్లు తోస్తూ పోతే చిన్నపిల్లవాడు సైతం పెద్ద ఊయలను ఎత్తుగా ఊపగలడు. లయ తప్పితే బలవంతుడి శ్రమ కూడా వృథా. రెండవ ఉదాహరణ రేడియో. ఇబ్రహీంపట్నంలో కూర్చుని హైదరాబాదు 'ఎ' కేంద్రాన్ని వినదలచినవారు రేడియో ముల్లును 738 కిలోహెర్ట్జ్ దగ్గరకు తిప్పేవారు. చుట్టూ ఆకాశంలో ఎన్ని తరంగాలున్నా పెట్టె ఆ ఒక్క తరంగానికే పలికేది. రెండు ఉదాహరణలూ మంచివే. పిల్లలకు అవి సులభంగా పట్టుబడతాయి.

చిక్కు ఆ పిల్లలు కళాశాలకు వెళ్ళిన తరువాత వస్తుంది. అక్కడ పరమాణు వర్ణపటాలనూ అయస్కాంత అనునాదాన్నీ చెప్పేటప్పుడు పాఠ్యగ్రంథాలూ, వాటికంటె ఎక్కువగా పరీక్షల గైడ్లూ ఊయలను వదలకుండానే ఒక సూత్రాన్ని నేర్పుతాయి:

ప్లాంక్ స్థిరాంకం × పౌనఃపున్యం = జి × బోర్ మాగ్నెటాన్ × అయస్కాంత క్షేత్రం.

దీనిని 'అనునాద నియమం' అంటారు. స్వేచ్ఛగా ఉన్న ఎలక్ట్రాన్‌కు జి విలువ సుమారు 2. కావున ఒక టెస్లా క్షేత్రంలో అనునాద పౌనఃపున్యం సుమారు 28 గిగాహెర్ట్జ్. 9.5 గిగాహెర్ట్జ్ తరంగాన్ని పంపితే 0.34 టెస్లా దగ్గర ఒక రేఖ కనిపించాలి. లెక్క తేలిక, మార్కులు ఖాయం. ఇంతటితో పాఠం ముగిసిపోతుంది.

ఈ సూత్రం అబద్ధమని ఎవరూ అనలేరు. కాని అనునాదానికి ఇదే మూలనియమమని చెప్పడం మాత్రం విమర్శకు నిలవదు. మూలనియమం దీనికంటె పొట్టిది: తరంగం మోసుకువచ్చే శక్తి రెండు శక్తిస్థాయిల మధ్య ఉన్న ఎడానికి సమానం కావాలి. ఆ ఎడం ఎక్కడినుండి వచ్చిందన్నది వేరే ప్రశ్న. బయటి అయస్కాంతం దానికి ఒక కారణం మాత్రమే. పరమాణు కేంద్రకం రెండవ కారణం. పాఠంలో లోపించినది ఆ కేంద్రకమే.

ప్రయోగశాలలో దాగిన ఐదు రేఖలు

కళాశాలల్లో ఎలక్ట్రాన్ స్పిన్ అనునాద ప్రయోగానికి సాధారణంగా వాడే పదార్థం డైఫినైల్ పిక్రైల్ హైడ్రజైల్. పొడవైన ఈ పేరును డి.పి.పి.హెచ్. అని కుదించి పిలుస్తారు. దీని ప్రతి అణువులోనూ జతలేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. పొడిని చిన్న గొట్టంలో పోసి, తీగచుట్టలో ఉంచి, క్షేత్రాన్ని మారుస్తూ పోతే సూత్రం చెప్పిన చోటనే ఒకే ఒక సన్నని రేఖ కనబడుతుంది. విద్యార్థి జి విలువను లెక్కకట్టి 2.0036కు దగ్గరగా వచ్చిందని సంతోషిస్తాడు. సూత్రం సంపూర్ణమని అతనికి నమ్మకం కుదురుతుంది.

అదే పొడిని బెంజీను వంటి ద్రవంలో బాగా పలుచగా కరిగించి, కరిగిన ప్రాణవాయువును తొలగించి చూస్తే ఒక రేఖకు బదులు ఐదు కనిపిస్తాయి. వాటి బలాలు దాదాపు 1, 2, 3, 2, 1 నిష్పత్తిలో ఉంటాయి. పదార్థం మారలేదు, ఎలక్ట్రానూ మారలేదు. మరి ఈ నాలుగు కొత్త రేఖలు ఎక్కడివి?

ఎలక్ట్రాన్ దగ్గర రెండు నత్రజని కేంద్రకాలు ఉన్నాయి. ఒక్కొక్క నత్రజని కేంద్రకం ఒక చిన్న అయస్కాంతం. అది క్షేత్రంలో మూడు విధాలుగా నిలబడగలదు. రెండింటి ప్రభావమూ ఇంచుమించు సమానం కావడం వల్ల తొమ్మిది కూర్పులు ఐదు విలువలుగా ఏర్పడతాయి. కొన్ని అణువులలోని ఎలక్ట్రాన్ బయటి క్షేత్రంకంటె కొంచెం ఎక్కువను అనుభవిస్తుంది, కొన్నిటిలో కొంచెం తక్కువను. ఘనరూపంలో అణువులు దగ్గరగా ఉండి ఎలక్ట్రాన్లు తమ స్పిన్‌లను అతి త్వరగా మార్చుకుంటూ ఉండడం వల్ల ఈ తేడాలన్నీ సగటుపడి ఒకే రేఖ మిగులుతుంది. అనగా విద్యార్థి చూసిన ఒక్క రేఖ సూత్రం సంపూర్ణమనడానికి సాక్ష్యం కాదు. సూత్రంలోని లోపం బయటపడని పదార్థాన్ని ప్రయోగానికి ఎన్నుకున్నారు, అంతే. ప్రారంభ ప్రయోగానికి ఆ ఎన్నిక మంచిదే. దాని మర్మం చెప్పకపోవడమే లోపం.

ఉదజని పరమాణువును తీసుకుంటే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఉన్నది ఒక ఎలక్ట్రాన్, ఒక ప్రోటాన్. ప్రోటాన్ అయస్కాంతత్వం ఎలక్ట్రాన్ అయస్కాంతత్వంలో సుమారు 658వ వంతు. ఇంత చిన్నదానిని లెక్కలోనుండి తీసివేస్తే నష్టమేమని ఎవరికైనా తోస్తుంది. కాని 9.5 గిగాహెర్ట్జ్ దగ్గర ప్రయోగం చేస్తే సూత్రం చూపిన చోట ఏ రేఖా ఉండదు. దానికి అటు ఒకటి, ఇటు ఒకటి, సుమారు 51 మిల్లీటెస్లాల ఎడంతో రెండు రేఖలుంటాయి. ఉదజనిలోని ఎలక్ట్రాన్ కేంద్రకం ఉన్న చోటకూడా కొంత మేరకు ఉండడమే ఇంత ప్రభావానికి కారణమని 1930లో ఫెర్మి లెక్కకట్టి చూపాడు.

సోడియం దీపం చెప్పని సంగతి

కేంద్రకం వల్ల వర్ణపట రేఖలు చీలడాన్ని అతిసూక్ష్మ నిర్మాణం అంటారు. ఇది కొత్త సంగతి కాదు. 19వ శతాబ్ది చివరి దశకంలోనే మైకెల్సన్ తన వ్యతికరణమాపకంతో, ఒక్కటిగా కనిపించే కొన్ని రేఖలలో అంతర్భాగాలు ఉన్నాయని గుర్తించాడు. కేంద్రకానికి కోణీయ ద్రవ్యవేగమూ అయస్కాంతత్వమూ ఉండడమే ఇందుకు కారణం కావచ్చునని 1924లో పౌలి సూచించాడు.

ప్రతి కళాశాలలోనూ ఉండే సోడియం దీపం ఇందుకు చక్కని ఉదాహరణ. దాని పసుపు వెలుగులో 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల రెండు రేఖలుంటాయి. వీటి ఎడం 0.6 నానోమీటర్లు, అది ఎలక్ట్రాన్ స్పిన్ చేసిన పని. అంగుళానికి 15,000 గీతలున్న మామూలు వివర్తన జాలకం ఈ రెంటినీ విడదీయగలదు. ఐతే ఈ రెండు రేఖలలో ప్రతి ఒక్కటీ మళ్ళీ చీలి ఉన్నది. ఆ చీలిక 1,772 మెగాహెర్ట్జ్, అనగా సుమారు 0.002 నానోమీటర్. మొదటి ఎడంలో ఇది 300వ వంతు. దీనిని చూడాలంటే పరికరానికి మూడు లక్షలకు చేరువైన పృథక్కరణ సామర్థ్యం కావాలి. అది ఉన్నా చాలదు. దీపంలో పరమాణువులు వేడికి అటూ ఇటూ పరుగెత్తడం వల్ల కలిగే డాప్లర్ వెడల్పు కూడా ఇంచుమించు ఇంతే ఉండి చీలికను కప్పివేస్తుంది.

కాంతితో చూడడం ఇంత కష్టమైనప్పుడు వేరొక మార్గం తోచడం సహజం. రెండు పెద్ద సంఖ్యలను కొలిచి వాటి భేదం కనుక్కోవడంకంటె, ఆ భేదానికి సరిపోయే రేడియో తరంగాన్ని నేరుగా పంపి పరమాణువును పలికిస్తే పోదా? 1938లో రాబి అణుపుంజాల మీద చేసిన ప్రయోగాలు, 1944లో కజాన్ నగరంలో జవోయిస్కీ కనుగొన్న ఎలక్ట్రాన్ స్పిన్ అనునాదం, ఆ వెనుక బ్లాఖ్, పర్సెల్ వేరువేరుగా సాధించి 1946లో ప్రకటించిన కేంద్రక అయస్కాంత అనునాదం, ఇవన్నీ ఈ ఆలోచనకు దగ్గరి చుట్టాలే. కావున అతిసూక్ష్మ నిర్మాణం ఒక అధ్యాయంలోనూ అనునాదం మరొక అధ్యాయంలోనూ ఒకదాని మొహం ఒకటి చూడకుండా ఉండడం చరిత్రకు కూడా విరుద్ధం.

పావువంతు పౌనఃపున్యం

బలహీనమైన క్షేత్రంలో పాఠ్యపుస్తక సూత్రం మరొక దెబ్బ తింటుంది. సోడియం పరమాణువులో వెలుపలి ఎలక్ట్రాన్ ఒక్కటే. దాని జి విలువ 2 కనుక టెస్లాకు 28 గిగాహెర్ట్జ్ రావాలి. కొలిచి చూస్తే వచ్చేది 7 మాత్రమే, సరిగ్గా పావువంతు.

కారణం ఇది. బలహీన క్షేత్రంలో ఎలక్ట్రాన్, కేంద్రకం విడివిడిగా తిరగవు. రెండూ కలిసి ఒకే బొంగరంగా తిరుగుతాయి. ఎలక్ట్రాన్ కోణీయ ద్రవ్యవేగం 1/2, సోడియం కేంద్రకానిది 3/2. రెండూ ఒకే దిక్కుకు చేరితే మొత్తం 2. కాని అయస్కాంతత్వం దాదాపు అంతా ఎలక్ట్రాన్‌దే, అది పెరగలేదు. తిప్పే బలం ఒక్కటే, తిరగవలసిన బరువు నాలుగింతలు. వేగం నాలుగవ వంతుకు పడిపోక ఏమవుతుంది? క్షేత్రాన్ని క్రమంగా పెంచుతూ పోతే ఈ జోడు విడిపోతుంది. విడిపోయే దారిలో శక్తిస్థాయిలు సరళరేఖలుగా కాక వంపులు తిరుగుతాయి. ఆ వంపులకు 1931లో బ్రైట్, రాబి సమీకరణం ఇచ్చారు. అక్కడ పౌనఃపున్యం క్షేత్రానికి అనులోమానుపాతంలో ఉంటుందన్న మాటే చెల్లదు.

క్షేత్రం సున్న అయినప్పుడు ఏమవుతుందన్నది అన్నిటికంటె పదునైన పరీక్ష. పాఠ్యపుస్తక సూత్రంలో కుడిప్రక్క సున్న అయితే ఎడమప్రక్కా సున్న కావాలి, అనునాదమే ఉండకూడదు. కాని 1967 నుండి సెకనుకు నిర్వచనం సీజియం పరమాణువు అతిసూక్ష్మ చీలికనుండే వస్తున్నది: 9,192,631,770 ఆవర్తనాల కాలం ఒక సెకను. ఇది బాహ్యక్షేత్రాల ప్రభావం లేని పరమాణువుకు చెప్పిన సంఖ్య. నక్షత్రాల మధ్య వ్యాపించిన ఉదజని 1951లో రేడియో దూరదర్శినులకు చిక్కిన 1,420 మెగాహెర్ట్జ్ తరంగం కూడా ఇటువంటిదే. అక్కడ ఏ ప్రయోగశాలా లేదు, ఏ అయస్కాంతమూ పెట్టలేదు. గైడులోని సూత్రమే నిజంగా మూలనియమమైతే లోకంలోని పరమాణు గడియారాలన్నీ ఆగిపోవలసి ఉంటుంది!

వాల్తేరు ఇచ్చిన సమాధానం

ఈ విమర్శకు సాక్ష్యం దూరదేశాలలోనే వెదకనక్కరలేదు. వర్ణపటశాస్త్రంలో పేరు గడించిన కోచెర్లకోట రంగధామరావు గారు (1898–1972) వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ప్రయోగశాలలను దీర్ఘకాలం నడిపారు. పరమాణువుల కాంతి వర్ణపటాలతో ప్రారంభించిన ఆయన, కేంద్రక చతుర్ధ్రువ అనునాదమనే కొత్త శాఖను అక్కడ పెంపొందించారు. ఆయన స్మారకార్థం భారత జాతీయ విజ్ఞాన అకాడమీ ఒక ఉపన్యాస పురస్కారాన్ని నెలకొల్పింది.

ఈ చతుర్ధ్రువ అనునాదం పుట్టుక కూడా అతిసూక్ష్మ నిర్మాణంలోనే ఉన్నది. 1935లో షూలర్, ష్మిట్ అనే శాస్త్రజ్ఞులు యూరోపియం రేఖల చీలికలను కొలిచి, అవి అయస్కాంత ప్రభావం ఒక్కదానితోనే లెక్కకు రావడం లేదని గమనించారు. కేంద్రకం సరిగ్గా గుండ్రంగా లేకపోవడమే అందుకు కారణం. గుండ్రంగా లేని కేంద్రకం, చుట్టూ సమంగా పరచుకొని లేని ఎలక్ట్రాన్ మబ్బులో చిక్కుకున్నప్పుడు, ఒక్కొక్క దిక్కుకు నిలబడినప్పుడు ఒక్కొక్క శక్తి కలిగి ఉంటుంది. ఆ శక్తుల మధ్య ఎడానికి సరిపోయే రేడియో తరంగాన్ని పంపితే ఘనపదార్థం దానిని పీల్చుకుంటుందని 1950లో డేమెల్ట్, క్రూగర్ చూపారు.

ఉదాహరణకు పారా డైక్లోరోబెంజీన్. మూత్రశాలల్లో దుర్వాసన పోవడానికి వేసే తెల్లని బిళ్ళలలో ఇది ఉంటుంది. దీనిలోని క్లోరిన్ 35 కేంద్రకం గది ఉష్ణోగ్రతలో సుమారు 34.3 మెగాహెర్ట్జ్ దగ్గర అనునాదం ఇస్తుంది. క్లోరిన్ 37 కేంద్రకం సుమారు 27.0 దగ్గర ఇస్తుంది. ఈ రెంటి నిష్పత్తి కేంద్రకాల ఆకారాలలోని తేడాను చెబుతున్నది. ద్రవ నత్రజనిలో చల్లబరిస్తే మొదటి సంఖ్య 34.8 వరకు పెరుగుతుంది. చలికి అణువుల కదలిక తగ్గడమే కారణం. ఇన్ని సంగతులు తెలిసినవి ఏ స్థిర అయస్కాంతమూ లేకుండానే! పెద్ద అయస్కాంతం కొనలేని ప్రయోగశాలకు ఇది ఎంత అనుకూలమో వేరే చెప్పనక్కరలేదు. తెలుగునాట ఇటువంటి పని జరిగిన తరువాత కూడా తెలుగు విద్యార్థి 'అయస్కాంతం లేనిదే అనునాదం లేదు' అని వ్రాసి మార్కులు తెచ్చుకోవడం విచారకరం.

ఊయల చెప్పలేనివి

ఇక ఊయల సంగతి. శక్తి సరిపోవడమొక్కటే అనునాదానికి చాలదు. తరంగపు అయస్కాంత క్షేత్రం తగిన దిశలో ఉండాలి. సాధారణంగా స్థిర క్షేత్రానికి అడ్డంగా ఉంటేనే స్పిన్ మొగ్గు మారుతుంది. ఈ షరతును ఊయల కొంతవరకు చూపగలదు. ప్రక్కనుండి తోస్తే ఊగదు గదా!

మూడవ షరతును మాత్రం అది చూపలేదు. ఊయలను లయకు తోస్తే ఊపు పెరుగుతుంది. పరమాణు లోకంలో ఒకే తరంగం క్రిందివారిని పైకి ఎంత వేగంగా నెట్టుతుందో పైవారిని క్రిందికి అంతే వేగంగా దింపుతుంది. కాబట్టి నికరంగా పీల్చుకోబడే శక్తి, క్రింద ఎంతమంది ఎక్కువగా ఉన్నారన్న దాని మీద ఆధారపడుతుంది. ఆసుపత్రిలోని 1.5 టెస్లాల యంత్రంలో, శరీర ఉష్ణోగ్రతలో, ఆ ఎక్కువ పది లక్షల ప్రోటాన్లకు సుమారు ఐదు మాత్రమే. తరంగాన్ని గట్టిగా పంపితే ఆ ఐదూ సమమై సంకేతం అణగిపోతుంది. దీనిని సంతృప్తి అంటారు. గట్టిగా తోసినకొద్దీ ఆగిపోయే ఊయలను ఎవరూ చూసి ఉండరు.

బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో జి. సూర్యన్ 1951లో ప్రకటించిన పరిశోధన ఈ షరతును కళ్ళకు కట్టిస్తుంది. ద్రవాన్ని నిలువ ఉంచక గొట్టంలో ప్రవహింపజేస్తే సంకేతం బలపడుతుందని ఆయన చూపారు. సంతృప్తి చెందిన కేంద్రకాలు వెళ్ళిపోయి కొత్తవి వస్తూ ఉండడమే కారణం. నేడు శరీరంలోని రక్తప్రవాహాన్ని అయస్కాంత అనునాద చిత్రాలలో గుర్తించడానికి తోడ్పడే భావాలలో ఇది ఒకటి.

పాఠ్యగ్రంథాల పక్షాన చెప్పదగినది

రచయితల పక్షాన కూడా న్యాయముంది. తరగతికి వ్యవధి తక్కువ. మొదట సరళమైన సందర్భం చెప్పి, చిక్కులను పైతరగతులకు వదలడం బోధనలో ఒప్పిన పద్ధతి. స్వేచ్ఛా ఎలక్ట్రాన్ సూత్రం లేకుండా ఎవరూ ఈ శాస్త్రంలో అడుగు పెట్టలేరు. ఇదంతా నిజమే. కాని సరళం వేరు, సంపూర్ణమని భ్రమింపజేయడం వేరు. 'కేంద్రకం లేదనుకుంటే' అన్న ఒక్క మాట చేర్చడానికి కాగితమూ కాలమూ ఎంత కావాలి? ఆ ఒక్క మాట ఉన్న విద్యార్థి ఐదు రేఖలను చూసినప్పుడు 'ఎందుకు' అని అడుగుతాడు. లేని విద్యార్థి పరికరం చెడిపోయిందనుకుంటాడు. శాస్త్రం మొదటివాడికి తలుపు తెరుస్తుంది, రెండవవాడికి మూస్తుంది.

పాఠం క్రమాన్ని మార్చడమే దీనికి ఉపాయం. మొదట శక్తిస్థాయిల ఎడం. తరువాత ఆ ఎడానికి కారణాలు: బయటి క్షేత్రం, కేంద్రకపు అయస్కాంతత్వం, కేంద్రకపు ఆకారం. ఆ పిమ్మట దిశ, జనాభా భేదం అనే షరతులు. చిట్టచివర, ఒక ప్రత్యేక సందర్భంగా, ఇప్పుడు మొదట చెబుతున్న సూత్రం. ఊయలను పారవేయనక్కరలేదు, అది ఎక్కడివరకు తోడువస్తుందో చెప్పి అక్కడ వదలాలి.

'అనునాదం' అన్న మాటకు కూడా ఒక ఆక్షేపణ ఉన్నది. ఇందులో నాదం ఎక్కడ ఉన్నదని కొందరు అడుగుతారు. ఇబ్రహీంపట్నంలో కుతుబ్ షాహీల కాలంనాటి పెద్దచెరువు నీరే దానికి జవాబు చెప్పగలదు. అక్కడ భూమి అయస్కాంత క్షేత్రం 40 మైక్రోటెస్లాలకు కొంచెం ఎక్కువ. ఒక సీసాడు నీటిని తీగచుట్టలో ఉంచి, కొద్ది సెకనులు బలమైన విద్యుత్తును పంపి ఠక్కున ఆపితే, నీటిలోని ప్రోటాన్లు భూమి క్షేత్రం చుట్టూ బొంగరాలవలె తిరుగుతూ అదే చుట్టలో సన్నని విద్యుత్ సంకేతాన్ని పుట్టిస్తాయి. 1954లో పాకార్డ్, వేరియన్ ప్రకటించిన ఈ పద్ధతి మీదనే ప్రోటాన్ అయస్కాంతమాపకం పనిచేస్తుంది. భూభౌతిక శాస్త్రజ్ఞులు భూమి క్షేత్రాన్ని కొలవడానికి దానిని వాడుతారు. ఇక్కడ బయటి తరంగం తోయడం లేదు. తోపు ఆగిన తరువాత వినిపించే సొంత లయ ఇది. ఆ సంకేతం సెకనుకు 1,700కు, 1,900కు మధ్య ఉంటుంది. అది మనిషి చెవి వినగల ధ్వని పౌనఃపున్యమే. సంకేతాన్ని పెంచి లౌడ్‌స్పీకరుకు కలిపితే కొద్ది సెకనులపాటు సన్నని ఈల వినిపించి సద్దుమణుగుతుంది.

ఆ ఈల కేంద్రకానిది. పాఠం నుండి దానిని తొలగించవచ్చు గాని, నీటిలోనుండి తొలగించలేరు.